ఇంటి సర్వరు

ఇంటి సర్వరు అనగా ఇంటిలోనే ఉండి, రాత్రింబవళ్ళు పనిచేస్తూ, ఆ ఇంటిలోని ఇతర కంప్యూటర్లకు, ఫోన్లకు, టీవీలకు సేవలందించే కంప్యూటరు. దీనిని గృహ సర్వరు, హోమ్ సర్వరు అని కూడా అంటారు. ఒకటి రెండు సర్వర్లు, రూటరు, స్విచ్చి, డిస్కులు, బ్యాటరీ కలిపి నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి ఏర్పాటు చేసుకున్న అమరికను హోమ్ ల్యాబ్ అంటారు.

కార్యాలయపు సర్వరుకు, ఇంటి సర్వరుకు ముఖ్యమైన తేడా అవి ఉండే చోటు. కార్యాలయాలలో సర్వర్లకు శీతలీకరించిన ప్రత్యేక గది, జనరేటరు, కాపలా ఉంటాయి. ఇంటి సర్వరు మాత్రం మనుషులు పడుకునే, చదువుకునే గదులలోనే ఉండాలి. అందువలన అది చిన్నదిగా ఉండాలి, చప్పుడు చేయకూడదు, తక్కువ విద్యుత్తును వాడాలి. ఈ లక్షణాలన్నిటికీ మూలం ఒక్కటే: యంత్రం వాడుకునే వాట్లు.

ఏ ప్రాంతంలో ఏర్పాటు చేసినా సూత్రాలు ఒకటే అయినా, స్థానిక వాతావరణాన్ని బట్టి అమరిక మారుతుంది. కృష్ణా నది దిగువ డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఉప్పు గాలి, తేమ, వేసవి ఎండ, కరెంటు కోతలు, తుఫానులు, వరదలు అన్నీ ఉన్నాయి. ఈ పరిస్థితులకు తట్టుకునే సర్వరు దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో కృష్ణా జిల్లా మోపిదేవి పరిసరాలను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

ఉపయోగాలు

ఇంటి సర్వరు చేసే పనులలో ముఖ్యమైనవి:

- కుటుంబ సభ్యుల ఫోన్లలోని ఫోటోలను, వీడియోలను ఒకచోట చేర్చి భద్రపరచడం.
- పట్టాదారు పాసు పుస్తకాలు, దస్తావేజులు, ధ్రువపత్రాలు మొదలైన వాటి స్కాను ప్రతులను దాచి ఉంచడం.
- సినిమాలు, పాటలు, పాఠాల వీడియోలను ఇంటిలోని అన్ని తెరలకూ అందించడం.
- అంతర్జాలం లేనప్పుడు కూడా విజ్ఞాన సర్వస్వాలను, పాఠ్యపుస్తకాలను చదువుకొనే వీలు కల్పించడం.
- విద్యార్థులు లినక్సు, నెట్‌వర్కులు, డేటాబేసులు, వెబ్‌సైట్ల నిర్వహణ నేర్చుకోవడం.

డెల్టాలోని వృత్తులకు కూడా ఇది ఉపయోగపడుతుంది. మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం నాట్యానికి, మచిలీపట్నం పక్కనున్న పెడన కలంకారీ అద్దకానికి ప్రసిద్ధి. నాట్య ప్రదర్శనల వీడియోలు, అద్దకపు అచ్చుల నమూనాల ఛాయాచిత్రాలు పరిమాణంలో చాలా పెద్దవి. నెలనెలా అద్దె చెల్లించి వాటిని దూర ప్రాంతపు సర్వర్లలో ఉంచేకంటే, ఇంటిలోనే ఒక ప్రతిని ఉంచుకుంటే వెంటనే అందుబాటులో ఉంటాయి. చేపల, రొయ్యల చెరువుల మేత లెక్కలు, నీటి పరీక్షల వివరాలు కూడా ఇలాగే నిలువ చేసుకోవచ్చును.

చరిత్ర

ఇళ్ళలో సర్వర్లు నడపడం లినక్సు వలన సులభమైంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును విడుదల చేశాడు. ఆ తరువాత ఏడాది ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ సాంబా అనే సాఫ్టువేరును మొదలుపెట్టాడు. దీనివలన లినక్సు కంప్యూటరులోని ఫైళ్ళను విండోస్ కంప్యూటర్లు చదవగలిగాయి. 1993లో మొదలైన డెబియన్ నేటికీ ఇంటి సర్వర్లలో విస్తృతంగా వాడే నిర్వహణ వ్యవస్థ.

మొదట్లో పాతబడిన డెస్క్‌టాపులనే సర్వర్లుగా వాడేవారు. 2001లో తైవాన్‌కు చెందిన వయా సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డును మినీ ఐటీఎక్స్ అనే పేరుతో రూపొందించింది. దీనితో పెట్టె పరిమాణం బాగా తగ్గింది. 2007లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ హోమ్ సర్వరు అనే ఉత్పత్తిని విడుదల చేసింది. 2011 నాటి రూపాంతరం తరువాత దానిని కొనసాగించలేదు.

2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో రాస్ప్‌బెర్రీ పై అమ్మకాలు మొదలయ్యాయి. ఇది అరచేతిలో పట్టే ఏకఫలక కంప్యూటరు. సెల్‌ఫోను ఛార్జరు వంటి చిన్న అడాప్టరుతో పనిచేసే కంప్యూటరు కూడా సర్వరుగా పనికివస్తుందని దీనివలన చాలామందికి తెలిసింది. అదే కాలంలో ఇంటెల్ సంస్థ నక్ అనే పేరుతో సుమారు 10 సెంటీమీటర్ల చదరపు కంప్యూటర్లను తెచ్చింది. 2023లో ఆ శ్రేణిని అసూస్ సంస్థకు అప్పగించింది. 2023 జనవరిలో వెలువడిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుకు నాలుగు కోర్లు ఉండి, నిర్దేశిత ఉష్ణ సామర్థ్యం 6 వాట్లు మాత్రమే.

విద్యుత్తు, వేడి, శబ్దం

కంప్యూటరు వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. 100 వాట్ల సర్వరు గదిలో 100 వాట్ల హీటరుతో సమానం. ఆ వేడిని బయటకు పంపడానికి ఫ్యాను కావాలి. ఎక్కువ వేడికి ఎక్కువ గాలి, ఎక్కువ గాలికి ఎక్కువ వేగం, ఎక్కువ వేగానికి ఎక్కువ చప్పుడు అవసరమవుతాయి. కాబట్టి నిశ్శబ్దం అనేది ఫ్యానును మార్చడంతో కాక, ప్రాసెసరును ఎంచుకోవడంతోనే మొదలవుతుంది.

ఫ్యాను ఇచ్చే గాలి దాని వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. శబ్దం మాత్రం అంతకంటే చాలా త్వరగా మారుతుంది. అదే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది గాని, శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్లు అనిపిస్తుంది. అందువలన చిన్న ఫ్యాను వేగంగా తిరగడం కంటే పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగడం మేలు. కార్యాలయాలలో వాడే పలుచని ర్యాకు సర్వర్లలో 40 మిల్లీమీటర్ల ఫ్యానులు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగగలవు. పాత ర్యాకు సర్వర్లు చవకగా దొరికినా ఇళ్ళలో ఉపయోగపడకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

వాట్ల ప్రభావం కరెంటు బిల్లుపై కూడా ఉంటుంది. నిరంతరం 25 వాట్లు వాడే అమరికకు 30 రోజుల నెలలో 18 యూనిట్లు ఖర్చవుతాయి. 150 వాట్లు వాడే అమరికకు 108 యూనిట్లు కావాలి. గృహ వినియోగపు బిల్లును శ్లాబుల ప్రకారం లెక్కిస్తారు కాబట్టి, అదనంగా పడే యూనిట్లు ఎక్కువ ధర గల శ్లాబులో చేరుతాయి. పోల్చి చూస్తే పాత రకం సీలింగు ఫ్యాను ఒక్కటే సుమారు 75 వాట్లు వాడుతుంది.

శబ్దానికి ఇతర కారణాలు

ఫ్యాను తరువాత ఎక్కువ శబ్దం హార్డు డిస్కు నుండి వస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు, 5400 చుట్ల డిస్కు 90 సార్లు కంపిస్తుంది. ఈ కంపనం చెక్క బీరువాకో, ఇనుప ర్యాకుకో అంటుకుంటే అది మృదంగపు మూతలాగా శబ్దాన్ని పెంచుతుంది. డిస్కుకు, పెట్టెకు మధ్య రబ్బరు వాషర్లు, పెట్టె అడుగున రబ్బరు కాళ్ళు అమరిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎస్ఎస్‌డీలలో కదిలే భాగాలు లేనందున వాటికి ఈ ఇబ్బంది లేదు.

చవక రకం అడాప్టర్ల నుండి, మదర్‌బోర్డులోని తీగచుట్టల నుండి సన్నని ఈల వంటి శబ్దం రావచ్చును. దీనికి ఫ్యానుతో సంబంధం లేదు. అడాప్టరును మార్చి చూడడం దీనికి మొదటి పరీక్ష.

యంత్రం ఎంపిక

ఇంటి సర్వర్లుగా వాడే యంత్రాలు ముఖ్యంగా నాలుగు రకాలు.

- ఏకఫలక కంప్యూటర్లు: రాస్ప్‌బెర్రీ పై వంటివి. ఖాళీగా ఉన్నప్పుడు కొద్ది వాట్లు మాత్రమే వాడతాయి. ఒకటి రెండు సేవలకు సరిపోతాయి. మెమరీ కార్డు మీద నిరంతరం రాస్తే అది త్వరగా పాడవుతుంది కనుక ఎస్ఎస్‌డీ నుండి నడపడం మంచిది.
- ఒక లీటరు పరిమాణపు కార్యాలయ కంప్యూటర్లు: లెనోవో, డెల్, హెచ్‌పీ సంస్థలు కార్యాలయాల కోసం తయారుచేసే చిన్న డెస్క్‌టాపులు. వాడినవి చవకగా దొరుకుతాయి. ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 వాట్లు వాడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇవి అనువైనవి.
- ఫ్యాను లేని చిన్న కంప్యూటర్లు: పెట్టె పైభాగమే వేడిని వదిలే రెక్కలుగా పనిచేస్తుంది. పూర్తిగా నిశ్శబ్దమైనవి. దుమ్మును, ఉప్పు గాలిని లోపలికి పీల్చవు. అయితే చుట్టూ గాలి ఆడే ఖాళీ తప్పనిసరి.
- పాత ల్యాప్‌టాపులు: సొంత బ్యాటరీ, తెర, కీబోర్డు ఉంటాయి. బ్యాటరీ ఉబ్బినదయితే తీసివేసిన తరువాతనే వాడాలి.

పాత డెస్క్‌టాపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా 40 నుండి 70 వాట్లు వాడవచ్చును. ఉచితంగా దొరికిన యంత్రం కూడా కరెంటు బిల్లు రూపంలో తన ధరను వసూలు చేస్తుంది.

డిస్కుల విషయంలో 3.5 అంగుళాల హార్డు డిస్కు తిరుగుతూ ఉన్నప్పుడు సుమారు 5 వాట్లు, తిరగడం మొదలయ్యే క్షణాలలో 20 వాట్లకు పైగా వాడుతుంది. చిన్న అడాప్టరుకు రెండు మూడు హార్డు డిస్కులు కలిపితే, కరెంటు వచ్చిన వెంటనే అన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెట్టి అడాప్టరు చాలక సర్వరు ఆగిపోతుంది.

డెల్టా వాతావరణం

ఉప్పు, తేమ

సముద్రపు గాలిలోని సన్నని ఉప్పు కణాలు ఫ్యానుల ద్వారా కంప్యూటరులోకి చేరి బోర్డుల మీద పేరుకుంటాయి. పొడి ఉప్పు అంతగా హాని చేయదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు సాధారణ ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. ఈ ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, రాగి తీగలను తినివేస్తుంది. మచిలీపట్నం తీరంలో తేమ ఏడాదిలో చాలా రోజులు ఈ హద్దు దాటుతుంది.

అయితే నడుస్తున్న సర్వరు తనను తాను పొడిగా ఉంచుకుంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 85 శాతం తేమ గల గాలి పెట్టె లోపల 40 డిగ్రీలకు వేడెక్కితే, దాని సాపేక్ష ఆర్ద్రత సుమారు 49 శాతానికి తగ్గుతుంది. అంటే ఉప్పు కరగదు. సర్వరు ఆగిపోయి చల్లబడినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. రోజూ రాత్రి ఆపివేసే యంత్రం కంటే తక్కువ వాట్లతో నిరంతరం నడిచే యంత్రం తీర ప్రాంతంలో ఎక్కువ కాలం మన్నడానికి ఇది ఒక కారణం.

ఏసీ గదిలో ఉంచిన సర్వరుకు మరొక ఇబ్బంది ఉంది. కరెంటు పోయి తలుపులు తెరిచినప్పుడు వెచ్చని తేమగాలి చల్లని లోహాన్ని తాకి నీటి బిందువులుగా మారుతుంది. ఏసీ గది నుండి బయటకు తెచ్చిన పరికరాన్ని కొంతసేపు అలాగే ఉంచి, తరువాతనే కరెంటు ఇవ్వాలి. గాలి లోపలికి వెళ్ళే చోట సన్నని జాలీ అమరిస్తే దుమ్ముతో పాటు చీమలు, బల్లులు కూడా లోపలికి పోవు. గాలి ఆడే పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టడం వలన ప్రయోజనం లేదు, అవి మూసిన డబ్బాలోనే పనిచేస్తాయి.

వేసవి

మే నెలలో డెల్టాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. పెట్టెలోని భాగాలు గది కంటే ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. ప్రాసెసరు వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది గాని, హార్డు డిస్కుకు ఆ వీలు లేదు. చాలా డిస్కులకు తయారీదారులు 60 డిగ్రీలను గరిష్ఠ హద్దుగా చెబుతారు. అందువలన వీడియోల మార్పిడి, డిస్కుల తనిఖీ వంటి బరువైన పనులను తెల్లవారుజామున జరిగేలా అమర్చడం మంచిది.

సర్వరును ఉంచే ఎత్తు కూడా ముఖ్యమైనదే. నేల మీద ఉంచితే వరద నీరు చేరుతుంది. అటక మీద ఉంచితే పై శ్లాబు లేదా రేకుల వేడి తగులుతుంది. మనిషి భుజం ఎత్తులో, లోపలి గోడకు, తలుపు లేని గూటిలో ఉంచడం ఈ రెండిటికీ మధ్యే మార్గం.

కరెంటు కోతలు

డెల్టాలో చాలా ఇళ్ళలో ఇన్వర్టరు, దానికి 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటాయి. అటువంటి బ్యాటరీలో లెక్కప్రకారం 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. సీసపు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే, అనగా 900 వాట్ అవర్లు, వాడుకోవాలి.

ఇన్వర్టరు ఏ పరికరమూ వాడకపోయినా తన కోసం 10 నుండి 20 వాట్లు ఖర్చు చేస్తుంది. 25 వాట్ల సర్వరుకు ఇది దాదాపు సగం అదనపు భారం. ఇన్వర్టరుకు 15 వాట్లు కలిపితే మొత్తం 40 వాట్లు కాగా, బ్యాటరీ సుమారు 22 గంటలు వస్తుంది. బ్యాటరీ నుండి నేరుగా కావలసిన వోల్టేజీని ఇచ్చే డీసీ మార్పిడి పరికరాన్ని వాడితే అదే బ్యాటరీ సుమారు 32 గంటలు వస్తుంది. 150 వాట్ల సర్వరు అయితే 5 గంటలకు మించి నడవదు. ఇంటిలోని దీపాలు, ఫ్యానులు కూడా అదే బ్యాటరీ మీద నడిస్తే ఈ గంటలు ఇంకా తగ్గుతాయి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మారే కొద్ది క్షణాలలో సర్వరు ఆగిపోకుండా దానిని యూపీఎస్ పద్ధతిలో ఉంచాలి. బ్యాటరీ తగ్గినప్పుడు సర్వరు తనంతట తాను ఫైళ్ళను మూసి ఆగిపోయేలా అమర్చాలి. సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు, ఆమ్లపు ఆవిరి వెలువడతాయి కనుక దానిని సర్వరు ఉన్న గూటిలో ఉంచరాదు. సరైన ఎర్తింగు లేని ఇంటిలో పిడుగుపాటు వలన జరిగే నష్టానికి ఏ బ్యాటరీ కూడా రక్షణ కాదు.

తుఫానులు, వరదలు

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సముద్రపు నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లోపలికి చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు పదివేలు. నాగాయలంక, కోడూరు ప్రాంతాల గ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తరువాతి కాలంలో 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజీ నుండి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద నీరు దిగువకు వచ్చి, నది ఒడ్డు గ్రామాలు, లంకలు మునిగాయి.

భుజం ఎత్తు గూడు వరద నుండి కాపాడవచ్చును గాని, 5 మీటర్ల ఉప్పెన నుండి ఏ గూడూ కాపాడలేదు. దాని నుండి సమాచారాన్ని రక్షించగలిగినది డెల్టా బయట ఉన్న నకలు ఒక్కటే.

నెట్‌వర్కు

2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకంలో కేబులును చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే వేశారు. దీనివలన తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో గ్రామాలకు అంతర్జాలం చేరింది. అయితే తుఫానుకు స్తంభాలు పడిపోతే కరెంటు, అంతర్జాలం ఒకేసారి పోతాయి. కాబట్టి ఇంటి సర్వరులోని సేవలు అంతర్జాలం లేకపోయినా ఇంటిలోని వైఫై ద్వారా అందేలా అమర్చుకోవాలి. సర్వరును రూటరుకు తీగతోనే కలపాలి. రూటరుకు, ఫైబరు పెట్టెకు కూడా బ్యాటరీ ఉండాలన్న సంగతిని చాలామంది మరచిపోతారు.

బయటి నుండి ఇంటి సర్వరును చేరుకోవడానికి ఒక ఆటంకం ఉంది. ఐపీవీ4 చిరునామాల కొరత వలన అంతర్జాల సంస్థలు ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతున్నాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఈ చిరునామాల సాధారణ నిలువలు 2011 ఏప్రిల్‌లోనే అయిపోయాయి. పంచుకున్న చిరునామాతో బయటి నుండి నేరుగా ఇంటికి రావడం సాధ్యం కాదు. ఐపీవీ6 వాడడం లేదా వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ వాడడం దీనికి పరిష్కారాలు. వైర్‌గార్డ్ 2020 మార్చిలో వెలువడిన లినక్సు 5.6 కెర్నెలులో చేరింది. సర్వరు తలుపును అంతర్జాలానికి నేరుగా తెరవడం కంటే వీపీఎన్ ద్వారా ప్రవేశించడం చాలా సురక్షితం.

సాఫ్టువేరు

ఇంటి సర్వర్లలో ఎక్కువగా స్వేచ్ఛా సాఫ్టువేర్లను వాడతారు. నిర్వహణ వ్యవస్థగా డెబియన్, ఉబుంటు. ఒకే యంత్రంలో అనేక మిథ్యా కంప్యూటర్లను నడపడానికి ప్రాక్స్‌మాక్స్. డిస్కుల నిర్వహణకు ఓపెన్ మీడియా వాల్ట్, ట్రూనాస్. సేవలను విడివిడి అరలలో ఉంచడానికి 2013లో వెలువడిన డాకర్ ప్రసిద్ధమైనవి. ఫైళ్ళ పంపకానికి నెక్స్ట్‌క్లౌడ్, వీడియోలకు జెల్లీఫిన్ వాడతారు. కివిక్స్ అనే సాఫ్టువేరుతో 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను మొత్తంగా దింపుకుని, అంతర్జాలం లేకుండా చదువుకోవచ్చును. ఒక చిన్న ఏకఫలక కంప్యూటరు, వైఫై రూటరు ఉంటే బడిలోని ఒక తరగతికి ఇది గ్రంథాలయంగా పనిచేస్తుంది.

తెలుగు ఫైలు పేర్లు

ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టేవారు ఒక పరిమితిని గమనించాలి. లినక్సులో సాధారణంగా వాడే ఫైలు వ్యవస్థలలో పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. "మోపిదేవి" అనే నాలుగక్షరాల పేరుకు 8 సంకేతాలు, 24 బైట్లు అవసరం. "శ్రీ" అనే ఒక్క అక్షరానికి 12 బైట్లు కావాలి. ఈ లెక్కన తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు. విండోస్‌లో పరిమితిని బైట్లలో లెక్కించరు కాబట్టి, అక్కడ సరిగా ఉన్న పొడవైన తెలుగు పేరు గల ఫైలు సర్వరుకు నకలు చేసేటప్పుడు నిలిచిపోవచ్చును. పేర్లను క్లుప్తంగా ఉంచి, వివరాలను ఫోల్డర్లలోకి మార్చడం మంచి పద్ధతి.

నకళ్ళు

రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని ఏకకాలంలో రాసే పద్ధతిని రెయిడ్ అంటారు. ఒక డిస్కు పాడయితే రెండవది పనిచేస్తుంది. ఇది నకలు కాదు. పొరపాటున ఫైలును తొలగిస్తే రెండు డిస్కులలోనూ పోతుంది. దొంగతనం, పిడుగు, వరద రెండిటినీ కలిపే తీసుకుపోతాయి.

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రాన్ని నకళ్ళకు ప్రమాణంగా తీసుకుంటారు. మొత్తం మూడు ప్రతులు, రెండు వేరువేరు మాధ్యమాల మీద, అందులో ఒకటి వేరొక చోట ఉండాలి. డెల్టాలో ఈ మూడవ షరతుకు అర్థం ప్రత్యేకమైనది. మోపిదేవిలోని సర్వరుకు మచిలీపట్నంలోనో, అవనిగడ్డలోనో నకలు ఉంచితే ఒకే తుఫాను రెండిటినీ తాకవచ్చును. తీరానికి దూరంగా ఉన్న గుడివాడ కూడా అదే తుఫానులో రోజుల తరబడి చీకటిలో ఉండవచ్చును. హైదరాబాదు వంటి దూరపు నగరంలో నకలు ఉండడం మేలు.

డెల్టా కుటుంబాలకు ఇందులో ఒక అనుకూలత ఉంది. చాలా ఇళ్ళలో పిల్లలు చదువు, ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వంటి చోట్ల స్థిరపడ్డారు. వారి ఇంటిలో ఒక చిన్న కంప్యూటరు, ఒక డిస్కు ఉంచితే అదే మూడవ ప్రతి అవుతుంది. వారి ఫోటోల నకలును ఇక్కడ, ఇక్కడి పత్రాల నకలును అక్కడ పరస్పరం ఉంచుకోవచ్చును. వేరొకరి ఇంటిలో ఉంచే నకలును పంపే ముందే గూఢలిపిలోకి మార్చాలి. ఆ సంకేతపదాన్ని సర్వరులో మాత్రమే కాక కాగితం మీద రాసి కూడా దాచాలి. లేకపోతే సర్వరుతో పాటు నకలు కూడా పనికిరాకుండా పోతుంది.

మొదటి నకలును అంతర్జాలం ద్వారా పంపడం కష్టం. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో ఒక టెరాబైటు పంపడానికి నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది. అందుచేత మొదటిసారి డిస్కును చేతితోనే తీసుకువెళ్ళి, ఆ తరువాత రోజువారీ మార్పులను మాత్రమే పంపుతారు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించిన ఆర్‌సింక్ మారిన భాగాలనే పంపుతుంది. రెస్టిక్, బోర్గ్ అనేవి దీనికి గూఢలిపిని కూడా జోడిస్తాయి. నెలకు ఒకసారైనా నకలు నుండి ఒక ఫైలును వెనక్కు తెచ్చి తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలును నమ్మడానికి వీలులేదు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడారు ఉన్నది. తుఫాను తీరం చేరడానికి ముందే హెచ్చరికలు వెలువడతాయి. ఆ వ్యవధిలో చేయవలసిన పనులు:

1. దూరపు ప్రతికి చివరి మార్పులను పంపి, అవి చేరినట్లు నిర్ధారించుకోవాలి.
2. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయాలి.
3. సర్వరును క్రమపద్ధతిలో ఆపి, కరెంటు, నెట్‌వర్కు తీగలు రెండిటినీ విడదీయాలి.
4. నకలు డిస్కును ఆరిన తరువాత, నీరు చొరని సంచిలో మూసి ముఖ్య పత్రాలతో పాటు ఉంచాలి.

పునరావాస కేంద్రానికి వెళ్ళవలసిందిగా అధికారులు చెప్పినప్పుడు ఈ పనులు ఏ దశలో ఉన్నా వదిలి వెళ్ళాలి. దూరపు నకలు ముందుగానే సిద్ధంగా ఉంటే సర్వరు కోసం ఎవరూ ఇంటిలో ఆగవలసిన అవసరం ఉండదు. నీట మునిగిన పరికరాలకు వెంటనే కరెంటు ఇవ్వరాదు.

నమూనా అమరిక

మోపిదేవి వంటి చోట నలుగురు ఉండే ఇంటికి సరిపోయే అమరిక ఇలా ఉండవచ్చును:

- ఎస్ఎస్‌డీ గల ఫ్యాను లేని చిన్న కంప్యూటరు: సుమారు 8 వాట్లు
- స్థానిక నకలు కోసం 3.5 అంగుళాల హార్డు డిస్కు ఒకటి: సుమారు 5 వాట్లు
- రూటరు, ఫైబరు పెట్టె: సుమారు 10 వాట్లు
- చిన్న స్విచ్చి: సుమారు 2 వాట్లు
- మొత్తం: సుమారు 25 వాట్లు

దీనికి రోజుకు 600 వాట్ అవర్లు కావాలి. 100 వాట్ల సౌర ఫలకం మంచి ఎండ ఉన్న రోజున 400 నుండి 500 వాట్ అవర్లు ఇస్తుంది. కాబట్టి నిరంతరాయంగా నడవాలంటే కనీసం 200 వాట్ల ఫలకం అవసరం. మబ్బు పట్టిన తుఫాను రోజులలో అది కూడా చాలదు. అటువంటప్పుడు హార్డు డిస్కును, స్విచ్చిని ఆపి 18 వాట్లతో నడపవచ్చును.

పరిమితులు

ఇంటి సర్వరుకు యజమానే నిర్వాహకుడు. సాఫ్టువేరు తాజాకరణలు, దుమ్ము దులపడం, డిస్కుల ఆరోగ్యం పరిశీలించడం అతని బాధ్యతే. ఆ ఒక్కరు ఊరిలో లేనప్పుడు సర్వరు ఆగితే మిగిలిన కుటుంబ సభ్యులకు ఫోటోలు కూడా అందవు. అందువలన ఆపడం, తిరిగి నడపడం, నకలు ఎక్కడ ఉన్నది అనే వివరాలను తెలుగులో ఒక కాగితం మీద రాసి సర్వరు పక్కన అతికించడం మంచిది. అనేకమంది ఒకేసారి వాడే వెబ్‌సైట్లకు, ఒక్క నిమిషం కూడా ఆగకూడని సేవలకు ఇంటి సర్వరు తగినది కాదు.

ఇవి కూడా చూడండి

- లినక్సు
- రాస్ప్‌బెర్రీ పై
- దివిసీమ
- 1977 ఆంధ్రప్రదేశ్ తుఫాను
- ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్
- యూనికోడ్